అక్షింతల పురుగు: మిత్రుడా, శత్రువా?

చలికాలంలో కద్మా క్వార్టర్ల పెరళ్లలో వంగ, చిక్కుడు, ఆవ మొక్కలు పెంచుతాం. వాటి ఆకుల మీద చుక్కలున్న గుండ్రని చిన్న పురుగులు తిరుగుతుంటాయి. తెలుగు రైతులు వీటిని అక్షింతల పురుగులు అంటారు. చిక్కేమిటంటే, ఆకును తినే పురుగుకీ, ఆకు మీది పేనుబంకను తినే పురుగుకీ మన భాషలో ఇదే పేరు. పేరు చూసి మందు కొడితే మిత్రుడు కూడా చస్తాడు. కాబట్టి శరీర భాగాలను చూసి గుర్తించడం నేర్చుకుందాం. భూతద్దం ఒకటి చాలు.

1. అక్షింతల పురుగేనా?

వీపు బోర్లించిన గిన్నెలా ఉంటుంది. మీసాలు పొట్టివి, కొసలు గదలా లావుగా ఉంటాయి. పాదంలో మూడు కణుపులే కనిపిస్తాయి. నిజానికి నాలుగు. మూడోది చాలా చిన్నది, రెండోదాని లోపల దాగి ఉంటుంది. మీసాలు పొడవుగా ఉంటే అది చాలావరకు వేరే కుటుంబానికి చెందిన ఆకు పురుగు.

2. ఏం తింటుంది?

వంగను పాడుచేసే ఎపిలాక్నా దవడకు చాలా పళ్లుంటాయి. ఆకు పచ్చదనాన్ని గీకి జల్లెడలా చేస్తుంది. ఒంటి మీద సన్నని నూగు ఉంటుంది, మెరుపు ఉండదు. ఒక రకానికి 28 చుక్కలు. పేనుబంకను తినే ఏడు చుక్కల పురుగు నున్నగా మెరుస్తుంది.

3. మరీ చిన్నవైతే?

ఆవగింజంత ఉండే స్కిమ్నస్ పురుగుల ఒంటి మీదా నూగే! కానీ అవి పేనుబంకనూ పిండినల్లినీ తినే మిత్రులు. అంటే నూగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. చాలా వాటికి లెక్కపెట్టడానికి చుక్కలూ ఉండవు. శాస్త్రజ్ఞులు పురుగును వెల్లకిలా తిప్పి, వెనక కాళ్ల మొదట్లో పొట్ట మీదున్న వంపు గీతను చూస్తారు. అది పూర్తిగా వంగి వెనక్కి వచ్చిందా, మధ్యలోనే ఆగిందా అన్నదాన్ని బట్టి గుంపులు విడదీస్తారు. అప్పటికీ తేలకపోతే మగ పురుగు జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు.

1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ కూడా పిండినల్లిని తింటుంది. దాని పిల్లపురుగు ఒళ్లంతా తెల్లని మైనంతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తెలియనివాళ్లు దాన్నే నలిపేస్తారు.

చేసి చూద్దాం

ఒక పురుగును గాజు సీసాలో ఉంచి మీసాలు, పాదాలు, నూగు చూసి బొమ్మ గీయండి. అది ఉన్న ఆకుకు చిల్లులున్నాయా, పేనుబంక ఉందా రాయండి. తరువాత వదిలేయండి. రేపు మనకు ఏ ఊరికి బదిలీ అయినా అక్కడ పురుగు పేరు మారవచ్చు, పాదంలో కణుపుల లెక్క మారదు.