హార్డు డిస్కు పీఠమును పరీక్షించు విధము

కంప్యూటరు నుండి ఊడదీసిన హార్డు డిస్కును మరల చదువుటకు డాకింగ్ స్టేషను అను పీఠము ఉపయోగపడును. పాత మార్కుల పట్టికలు గల డిస్కు కొరకు రెండు అరల పీఠము నొకదానిని మేము పరీక్షించితిమి.

వేగమును గూర్చి చింత వలదు. యు.ఎస్.బి. 3.0 త్రాడు సెకనుకు 5 గిగాబిట్ల వరకు మోయగలదు. తిరుగుడు పళ్లెముల డిస్కు అంత వేగముగా ఇయ్యజాలదు. 3.5 అంగుళముల డిస్కునకు 12 వోల్టులు కావలెను గనుక వేరుగా విద్యుత్ అడాప్టరు ఉన్నదా యని చూడవలెను. కొన్ని పాత పీఠములు 2 టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా గుర్తింపవు.

విద్యార్థులు మిక్కిలి భయపడవలసినది క్లోన్ మీటకు. కంప్యూటరు లేకయే యొక డిస్కును రెండవదానిపైకి నకలు చేయుట దాని పని. మూలమును, ఖాళీ డిస్కును తారుమారుగా నుంచినచో పట్టికలన్నియు తుడిచిపెట్టుకొని పోవును. అరలమీది వ్రాత చూడగా కంటి కానని యంత చిన్నది. ఇది చేసినవారి లోపమే. అందుచే మేము ఆ మీటను ముట్టక, కంప్యూటరు ద్వారానే ఫైళ్లకు నకలు తీసి, డిస్కు తిరుగుట నిలిచిన పిదపనే దానిని పైకి తీసితిమి.