"అయితే" నేర్పిన పాఠం: ఏం దాచాలి, ఏం చెప్పాలి?

అశోక్ నగర్‌లో మా రూమ్‌లో నలుగురం. ఇద్దరం ఇంజనీరింగ్, ఇద్దరు అన్నలు గ్రూప్స్‌కి చదువుతున్నారు. అందుకే "అయితే" చూసిన రాత్రి మాకు నిద్రపట్టలేదు. అందులోనూ ఉద్యోగం లేని నలుగురు కుర్రాళ్లే! మర్నాడు బషీర్‌బాగ్‌లో చాయ్ తాగుతూ కూడా అదే చర్చ.

2003 సినిమా. చంద్రశేఖర్ ఏలేటికి దర్శకుడిగా మొదటిది, నిర్మాత గుణ్ణం గంగరాజు. స్టార్లు లేరు, బడ్జెట్ చిన్నది. అయినా తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది.

పోలీసులు వెతుకుతున్న డాన్ (పవన్ మల్హోత్రా) దేశం దాటాలి. విమానం హైజాక్ చేయడానికి ఏ కేసూ లేని కుర్రాళ్లు కావాలి. దొరికింది వీళ్లు.

ఇక్కడ ఏలేటి పద్ధతి గమనించండి. మామూలుగా ముందు ప్లాన్ చెప్తారు, తర్వాత పని చూపిస్తారు. ఈయన జరిగింది ముందు చూపించి, అసలు లెక్క తర్వాత విప్పుతాడు. "అనుకోకుండా ఒక రోజు" (2005)లో హీరోయిన్‌కి ఒక రోజంతా గుర్తులేదు. ఆమెకి తెలియనిది మనకీ తెలియదు, కాబట్టి ఆమెతో పాటే మనమూ వెతుకుతాం.

నా మొదటి షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్‌లో నేనూ దొంగని దాచాను. ఒక్క ఆధారం ఇవ్వలేదు. చదివినవాళ్లు "ఇది సస్పెన్స్ కాదు, మోసం" అన్నారు. నిజమే. దాచేది కారణాన్ని, కంటికి కనిపించేదాన్ని కాదు.

రెండుసార్లు గ్రూప్స్ పోయి, ఊరెళ్లిపోతానన్న అన్న మాత్రం ఒకటే అన్నాడు: "వాళ్లని అందరూ తక్కువ అంచనా వేశారు రా, అదే వాళ్ల బలం." ఆరింటికే బ్యాగు తీసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి పోయాడు.