బాలరక్షకుల మనోబలం

అనంతపురం పీఠభూమిలో వాన రాకపోవడం కొత్త వార్త కాదు. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనాల తేమ తీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి చాలావరకు తరిగిపోతుంది. సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఎండిన ఏడు ఎందరో తల్లిదండ్రులు బెంగుళూరుకు వలసపోతారు. వెంట వెళ్ళిన పిల్లల చదువు ఆగిపోతుంది. అవ్వతాతల వద్ద మిగిలిన ఆడపిల్లకు తొందరపడి పెళ్ళి నిశ్చయిస్తారు. కరవు లెక్కలలో ఈ పద్దు కానరాదు.

ఇట్టి బాలల రక్షణకు చట్టాలకు కొదవలేదు. బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో, పోక్సో చట్టం 2012లో వచ్చాయి. 2009లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం జిల్లాకొక రక్షణ విభాగాన్ని ఏర్పరచింది. అదే తరువాత మిషన్ వాత్సల్యగా మారింది. అయితే చట్టాన్ని పల్లె గడపదాకా మోసుకుపోయేది సామాజిక కార్యకర్త. 1098కు పిలుపు వచ్చిన వెంటనే ఆమె బయలుదేరాలి. పెళ్ళిపందిట్లో పెద్దల నిష్ఠూరాలు వినాలి. బిడ్డ చెప్పలేక చెప్పిన మాటను కాగితంపై పెట్టాలి. ఆ మాట రాత్రి ఆమె వెంటే ఇంటికి వస్తుంది. నిద్ర పట్టదు, తన పిల్లలపైనే విసుగు కలుగుతుంది. పరుల గాయాన్ని నిత్యం వినేవారికి తామే గాయపడినట్లు కలిగే ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ద్వితీయ ఆఘాతమంటారు. దీనిని బలహీనతగా ఎంచడం అన్యాయం.

ఇక్కడ శిక్షణ అక్కరకు వస్తుంది. కానీ సెక్షన్లు వల్లెవేయించే శిక్షణ చాలదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ తోడ్పాటుతో 2020లో ‘సంవాద్’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కష్టంలో ఉన్న బాలల మానసిక స్థితిని గుర్తించి, వారితో మెలగవలసిన తీరును బాలల సేవలో ఉన్నవారికి నేర్పడం దాని పనులలో ఒకటి. అడిగినదే పదేపదే అడగరాదని, బిడ్డ మౌనాన్ని తొందరపెట్టరాదని తెలిసిన కార్యకర్తకు ఆ గదిలో తానేమి చేయాలో తెలుస్తుంది. ఏమి చేయాలో తోచని నిస్సహాయత మనిషిని పనికంటె ఎక్కువగా కుంగదీస్తుంది. తన అలసటను గుర్తించి, తోటివారితో చెప్పుకోవడమూ శిక్షణలో భాగమే కావాలి.

శిక్షణ సర్వరోగ నివారిణి మాత్రం కాదు. ఈ విభాగాలలో పలువురిది ఒప్పంద ఉద్యోగం. తిరగవలసిన మండలాలు విశాలం. ఒక్కసారి మూడురోజులు కూర్చోబెట్టి పంపితే ఆ పాఠం తొలి కఠిన సందర్భం వరకే నిలుస్తుంది. ఆ సందర్భం ముగిసిన మరునాడు ఆమెను కూర్చోబెట్టి, ఏమి జరిగిందని అడిగి, ఓపికగా వినే పై అధికారి ఒకరు కావాలి.