చేతియంత్రముతో ఐస్‌క్రీము

వేసవి సెలవులలో పిల్లలు మిక్కిలి ఇష్టపడు పదార్థములలో ఐస్‌క్రీము ఒకటి. నేడది ప్రతి వీథిలోను దొరకుచున్నది. అయినను చేతితో త్రిప్పు యంత్రమున దానిని ఇంటిలో చేసికొనుటవలన రుచితోపాటు మరియొక లాభము గలదు. పాలు గడ్డకట్టుట ఎట్లు జరుగునో, ఏల జరుగునో మన కన్నులయెదుటనే తెలియును. కావున ఈ పాఠమున మేము చేయు విధమును, దాని కారణములను కలిపి చెప్పుచున్నాము. తల్లిదండ్రులును పిల్లలతోపాటు దీనిని చదువవలెనని మా కోరిక.

చెన్నపట్టణపు ఐసు

చెన్నపట్టణమున సముద్రతీరమునగల వివేకానంద భవనమును మనలో పలువురు చూచియుందురు. దాని పూర్వపు పేరు ఐస్ హౌస్. 1842లో అది ఐసు నిల్వచేయుటకే కట్టబడినది. ఆ కాలమున మనకు ఐసు అమెరికానుండి వచ్చుచుండెను. బోస్టన్ నగరపు వర్తకుడైన ఫ్రెడరిక్ ట్యూడర్, అచ్చటి చెరువులపై చలికాలమున పేరుకొనిన ఐసును పలకలుగా కోయించి, రంపపుపొట్టులో పొదిగించి, ఓడలపై పంపుచుండెను. ఆయన పంపిన మొదటి ఓడ 1833లో కలకత్తా చేరినది. దాదాపు నాలుగు నెలల ప్రయాణమున కొంత కరగిపోయినను, సగమునకు పైగా ఐసు మిగిలియుండెను. తరువాత మన దేశముననే యంత్రములతో ఐసు తయారగుటచే ఆ వర్తకము నిలిచిపోయినది. 1897లో వివేకానందస్వామి ఆ భవనమున బసచేసిరి.

ఐస్ హౌస్ కట్టిన మరుసటి సంవత్సరమున, అనగా 1843లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నాన్సీ జాన్సన్ అను స్త్రీ చేతితో త్రిప్పు ఐస్‌క్రీము యంత్రమునకు పేటెంటు పొందినది. నేటి చేతియంత్రములును ముఖ్యముగా ఆ పద్ధతిలోనే పనిచేయును.

యంత్రభాగములు

ఈ యంత్రమున ఒక కొయ్యబాల్చీ, దానిలో నిలుచు మూతగల లోహపు డబ్బా, డబ్బాలో చిలుకు రెక్కలు, పైన పళ్ల చక్రములు, పిడి ఉండును. పాలు డబ్బాలో పోయుదుము. ఐసును ఉప్పును డబ్బాచుట్టును బాల్చీలో నింపుదుము. లోహము వేడిని త్వరగా ప్రసరింపజేయును; కావున పాలలోని వేడి తేలికగా వెలుపలికి పోవును. కొయ్య వేడిని త్వరగా పోనీయదు. కావున బయటి ఎండవేడిమి తేలికగా లోనికి రాదు. ఒకే యంత్రమున రెండు పదార్థములు వాడుటకు కారణమిదియే.

ఉప్పు చేయు పని

ఉప్పు ఏల వేయవలెనని అడిగినచో అనేకులు, “ఉప్పు చల్లదనము నిచ్చును” అని బదులుచెప్పుదురు. ఇది సరికాదు. డబ్బాలోని ఉప్పును తాకి చూడుడు. అది గదిలోని తక్కిన వస్తువులకంటె చల్లగా ఉండదు. పైగా ఉప్పు తగిలిన ఐసు త్వరగా కరగును. కరగుచున్న ఐసు మరింత చల్లబడుట వింతగా తోచును గదా! ఈ చిక్కు విడినచో పాఠమంతయు తెలిసినట్లే.

ఐసు కరగుటకు వేడి కావలెను. 0 డిగ్రీల సెల్సియస్ వద్దనున్న 1 గ్రాము ఐసు కరగి అదే ఉష్ణోగ్రతగల నీరగుటకు సుమారు 80 కెలోరీల వేడిని పీల్చుకొనును. అంత వేడితో 1 గ్రాము నీటిని 0 డిగ్రీల నుండి 80 డిగ్రీలకు కాచవచ్చును. ఐసు ఆ వేడిని తన చుట్టునున్న వస్తువులనుండియే తీసికొనును.

0 డిగ్రీల వద్ద ఐసునుండి కొన్ని అణువులు నీటిలోనికి పోవుచుండును. నీటినుండి కొన్ని మరల ఐసును చేరుచుండును. నీటిలో ఉప్పు కరగినప్పుడు మరల ఐసును చేరు అణువులు తగ్గును. అందుచే ఐసు 0 డిగ్రీలకు దిగువను కూడ కరగుచునే యుండును. ఆ కరగుటకు కావలసిన వేడి మిశ్రమమునుండియు, పాలనుండియు పోవును. ఈ విధముగా ఐసు, ఉప్పు తగుపాళ్లలో కలిసినచో సున్నకు దిగువ 21 డిగ్రీలవరకు చల్లబడగలదు.

ఐసు మాత్రమే చాలదా? చాలదు. చక్కెర కరగిన పాలు 0 డిగ్రీలవద్ద గడ్డకట్టవు. అంతకు రెండు మూడు డిగ్రీలు దిగిన తరువాతనే గడ్డకట్టుట ఆరంభించును. బాల్చీలో ఐసునకు ఉప్పు చేసిన పనినే డబ్బాలో పాలకు చక్కెర చేయుచున్నది. ఉప్పులేని ఐసు కరగుచు 0 డిగ్రీల వద్దనే నిలుచును గనుక, దానితో ఎంతసేపు త్రిప్పినను ఆ పాలు గడ్డకట్టవు.

చేయు విధము

వెన్నతీయని పాలు 1 లీటరు తీసికొని, ముప్పాతిక వంతగువరకు సన్నని సెగపై మరిగింపవలెను. 150 గ్రాముల చక్కెర, కొంచెము ఏలకులపొడి కలిపి చల్లార్చవలెను. పిమ్మట 200 మిల్లీలీటర్ల మీగడ కలిపి, ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచవలెను. బంగినపల్లి మామిడిగుజ్జు వేయదలచినచో పాలు బాగుగా చల్లబడిన పిమ్మటనే కలుపవలెను; వేడిపాలలో పండ్ల పులుపు పడినచో అవి విరుగవచ్చును.

డబ్బాలో మూడింట రెండు వంతులకు మించి పోయరాదు. చిలికినప్పుడు గాలి చేరి మిశ్రమము పొంగును. ఐసును చిన్న ముక్కలుగా కొట్టి, 6 గిన్నెల ఐసునకు 1 గిన్నె రాళ్లఉప్పు చొప్పున వరుసలుగా నింపవలెను. మొదట మెల్లగా, కొంత చిక్కబడిన పిమ్మట వేగముగా త్రిప్పవలెను. ఇరువది ముప్పది నిమిషములలో పిడి బరువెక్కును. అప్పుడు రెక్కలు తీసివేసి, మూత బిగించి, మరికొంత ఐసు ఉప్పు వేసి, గోనెసంచి కప్పి ఒక గంట ఉంచవలెను.

బాల్చీలో ఊరిన ఉప్పునీటిని ముందే పారబోయరాదు. ఐసుముక్కలు డబ్బాను అక్కడక్కడ మాత్రమే తాకును. ఉప్పునీరు అంతటను తాకి వేడిని తీసికొనును. అది మూతవరకు ఎక్కకుండ మాత్రము బాల్చీ పక్కరంధ్రమును తెరచి ఉంచవలెను.

త్రిప్పుట ఏల?

పాలు మొదట డబ్బా గోడవద్ద గడ్డకట్టును. వానిని కదలింపక విడిచినచో పెద్ద స్ఫటికములు ఏర్పడి, నోటిలో ఇసుకవలె తగులును. తిరుగుచున్న రెక్కలు ఆ పొరను ఎప్పటికప్పుడు గీకి లోనికి నెట్టును. స్ఫటికములు చిన్నవై యుండుటయు, గాలి చేరుటయు ఐస్‌క్రీమునకు మెత్తదనము నిచ్చును. కుల్ఫీని చిలుకరు, అందుచే అది గట్టిగా, బరువుగా ఉండును. ఇంటి ఫ్రీజరులో సున్నకు దిగువ 18 డిగ్రీల చలి యున్నను, పాలను అందు ఊరక ఉంచినచో ఈ మెత్తదనము రాదు. కావలసినది చలి యొక్కటియే కాదు, ఎడతెగని కదలికయు.

జాగ్రత్తలు

ఉప్పు కలిసిన ఐసును వట్టిచేతితో పట్టుకొనియుండరాదు. చర్మమునకు హాని కలుగును. మూత తీయుటకు ముందు దానిని తుడువవలెను. లేనిచో ఉప్పునీరు లోపల పడును. బజారు ఐసు డబ్బా వెలుపల మాత్రమే ఉండవలెను. మిగిలిన ఉప్పునీటిని మొక్కల మొదళ్లలో పోయరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

పైతరగతులలో శాస్త్రము ఆంగ్లమున చదువవలసి వచ్చునే, తెలుగున నేర్చినది వృథాయగునేమో యని మీలో కొందరు కలతపడుచున్నారు. మీ భయము మాకు తెలియును. ఐసు కరగుచు ఏల చల్లబడునో తెలుగున గ్రహించిన బాలిక, రేపు ఆంగ్లమున క్రొత్త మాటలు మాత్రమే నేర్వవలసియుండును. విషయము ఆమెకు అప్పటికే వచ్చును. అర్థముగాక వల్లించిన వాక్యము ఏ భాషలోనైనను పరీక్ష తరువాత నిలువదు. మీరు ఏ తరగతివరకు చదివినను, పిడి త్రిప్పుచు ఈ దిగువ ప్రశ్నలు మీ పిల్లలను అడుగవచ్చును.

ప్రశ్నలు

1. రెండు లోహపు గ్లాసులలో ఐసుముక్కలు వేసి, ఒకదానిలో మాత్రము గుప్పెడు ఉప్పు కలుపుడు. కొంతసేపటికి ఒకదాని వెలుపల నీటిబొట్లు, మరియొకదాని వెలుపల తెల్లని మంచుపొర కనబడును. ఏది దేనిపై? ఏల?

2. డబ్బాను కొయ్యతోను, బాల్చీని లోహముతోను చేసినచో ఏమగును?

3. పాలలో చక్కెర రెట్టింపు వేసినచో ఐస్‌క్రీము త్వరగా గట్టిపడునా, ఆలస్యమగునా?

4. ఐసును పెద్ద గడ్డలుగా వేయుటకంటె చిన్న ముక్కలుగా వేయుట ఏల మేలు?