ఆటలో దెబ్బ తగిలితే ఆరోగ్య బీమా చాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆదివారాలు ఒక అమెచ్యూర్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడతాను. ఈమధ్య మా గోల్‌కీపర్‌కు మోకాలి లిగమెంటు తెగింది. నాకు ఆరోగ్య బీమా ఉంది. అది సరిపోతుందా?

జవాబు: ఆసుపత్రి ఖర్చులకు సాధారణంగా సరిపోతుంది. కొత్త పాలసీకి ఉండే 30 రోజుల వెయిటింగ్ పీరియడ్ ప్రమాదాలకు వర్తించదు. సాహస క్రీడల మినహాయింపు కూడా వాటిని వృత్తిగా చేసుకున్నవారికే. ఆదివారం ఆటకు దానితో పేచీ లేదు.

చిక్కంతా డిశ్చార్జి తర్వాతే. లిగమెంటు ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి ఫిజియోథెరపీ తప్పదు. చాలా పాలసీలు 60 లేదా 90 రోజుల ఖర్చే ఇస్తాయి. పోయిన జీతం ఊసే ఎత్తవు. అందుకు విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. అందులో ‘తాత్కాలిక పూర్తి వైకల్యం’ క్లాజు ఉంటేనే ఇంట్లో కూర్చున్న వారాలకు సొమ్ము వస్తుంది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే. ఎముక విరిగితే పైసా రాదు.

ఎంట్రీ ఫీజులోనే బీమా ఉందని నిర్వాహకులు చెబితే పాలసీ కాపీలో మీ పేరు చూసుకోండి. దెబ్బ తగిలిన రోజే డాక్టరు చీటీలో ‘ఆటలో గాయం’ అని తేదీతో రాయించండి. ‘పాత నొప్పి’ అని పడితే క్లెయిము ఇరుక్కుంటుంది.