కిలోమీటర్లు కాదు, మోసిన బరువు చూడు

గుఢియారీ, రాయపూర్.

అల్లుడూ,

నువ్వు పంపిన పికప్ ఫోటోలు అందాయి. మీటరు మీద 2,10,000 చూసి మీ నాన్న హడలిపోయాడనీ, కొత్త రంగు చూసి నువ్వు ముచ్చటపడుతున్నావనీ అక్క చెప్పింది. చూడాల్సింది మీ ఇద్దరూ చూడలేదు. బండి మా వీధికి దగ్గర్లోనే ఉంది కాబట్టి నేనే వెళ్ళి చూసొచ్చాను. ఈ ఉత్తరం చదివేదాకా దలాలుకి అడ్వాన్సు పంపకు.

ముందు కిలోమీటర్ల సంగతి. బండికి ఏడేళ్ళు. అంటే ఏడాదికి 30,000. నెలకి పాతిక రోజులు తిరిగిందనుకుంటే రోజుకి 100 కిలోమీటర్లు. కిరాయి బండికి అది మామూలు తిరుగుడే. అదే వయసు బండి మీటరు 70,000 చూపిస్తే నేను ఇంకా ఎక్కువ అనుమానిస్తాను. మీటరు తిప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అందుకే బండి నంబరు చెప్పి కంపెనీ సర్వీసు సెంటర్లో పాత బిల్లులు అడగాలి. ఒక్కో బిల్లు మీద ఆనాటి రీడింగు ఉంటుంది. ఈ బండి లెక్క కుదిరింది. మీటరు నిజమే చెబుతోంది.

మీటరు చెప్పనిది ఒకటుంది. ఆ కిలోమీటర్లు ఎంత బరువుతో తిరిగింది? ఆర్సీలో ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మోయదగ్గ బరువు. టన్నున్నర బండి అనుకో, 50 కిలోల బస్తాలు 30 పడతాయి. గుఢియారీ అంటే రాయపూర్‌కి కిరాణా హోల్‌సేల్ బజారు. పక్కనే ఉర్లా, సిల్తరా ఇనుప ఫ్యాక్టరీలు. ఇలాంటి చోట 30 బస్తాలతో ఊరుకునే యజమాని అరుదు. 50 వేస్తే రెండున్నర టన్నులు. ఇంజిన్ ఎలాగో లాగేస్తుంది. ఆ భారం పడేది ఛాసిస్ మీద, కమాను కట్టల మీద, వెనక హౌసింగ్ మీద, బ్రేకుల మీద.

తెల్లవారగానే, ఎవరూ స్టార్ట్ చేయకముందే వెళ్ళాను. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే తాళం తిప్పమన్నాను. ముందే వేడి చేసి ఉంచిన ఇంజిన్ తన జబ్బు దాచుకుంటుంది. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. నీలం పొగ లేదు. నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూశాను, బ్యాక్ కంప్రెషన్ పెద్దగా లేదు. రేడియేటర్ నీళ్ళలో నూనె తేలలేదు. ఇంతవరకూ బాగానే ఉంది.

తర్వాత గోనెపట్టా పరుచుకుని కిందకి దూరాను. వెనక కమాను కట్టల్లో కంపెనీ ఇచ్చిన పట్టీలతో పాటు తర్వాత వేయించిన పట్టీ ఒకటి, అటూ ఇటూ. కమాను కట్టను ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర నల్లరంగు మిగతాచోట్ల కంటే దట్టంగా ఉంది. తాళంచెవితో గీరితే పెచ్చు లేచి, కింద వెల్డింగు గీత కనబడింది. ఎడమ పక్క ఛాసిస్ పగిలి, అతికించారన్నమాట. దలాలుని అడిగితే చిన్న పని అన్నాడు. ఇంజిన్ పోతే బోరు చేయించుకోవచ్చు, గేర్‌బాక్స్ విప్పి బాగుచేయించుకోవచ్చు. బరువుకి అలిసిన ఛాసిస్ మాత్రం అతికిన చోట నిలిచినా దాని పక్కన పగులుతుంది.

సాలూరులో ఉన్నవాడివి, ఈ మాట నీకు నేను చెప్పాలా? లారీలకి బాడీలు కట్టే ఊరు మనది. పాత 43వ నంబరు రోడ్డు మీద రాయపూర్ దాకా బళ్ళు తోలిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళలో ఒకరికి నా మాట చెప్పి చూడు. నీ కిరాయిలు పాచిపెంట, మక్కువ సంతలకీ, సుంకి ఘాట్ మీదుగా ఒడిశా వైపూ అంటున్నావు. చింతపండు, అరటి గెలలు వేసుకుని ఘాట్ దిగేటప్పుడు నీ ప్రాణం ఆ బ్రాకెట్ మీదా బ్రేకుల మీదా ఉంటుంది.

కాగితాల సంగతీ విను. ఛత్తీస్‌గఢ్ బండి ఆంధ్రాలో తిప్పాలంటే ఇక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్వోసీ కావాలి. 12 నెలలు దాటి అక్కడే ఉంచుకుంటే ఆంధ్రా నంబరు తప్పదు. పన్ను అక్కడ వేరే కట్టాలి, ఆ డబ్బు కూడా బండి ధరలో కలిపి లెక్కవేసుకో. ఫైనాన్స్ తీరిపోయిందని నోటిమాట నమ్మకు. ఫైనాన్సు కంపెనీ లెటరు, ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకి 29, 30 ఫారాలు. ఇన్సూరెన్స్ నీ పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోపే రాయాలి. కొత్తలో రెండేళ్ళకోసారి చేయించే ఫిట్‌నెస్, ఎనిమిదేళ్ళు దాటాక ఏటేటా చేయించాలి. లైసెన్సు గురించి అడిగావు. 7,500 కిలోల లోపు సరుకు బండికి కారు లైసెన్సు చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఆ బెంగ వద్దు.

ఇక డబ్బు. దలాలు నాలుగున్నర లక్షలు అడుగుతున్నాడు, నీ దగ్గర ఉన్నదంతా అంతే. పాత బండి కొనేవాడు ఉన్నదంతా బండికే పెట్టకూడదు. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, బ్రేకు లైనర్లు మొదటి ఏడాదే డబ్బు అడుగుతాయి. పోగుచేసిన దాంట్లో నాలుగో వంతైనా పక్కన పెట్టుకుని మిగతాదాంట్లో వచ్చే బండి చూడు. బండి మూలపడి ఒక దినం కిరాయి పోతే ఓర్చుకోవచ్చు. రెండుసార్లు సరుకు అందకపోతే షావుకారు ఇంకో బండి చూసుకుంటాడు, ఆ కిరాయి మళ్ళీ రాదు.

కాబట్టి ఈ బండి వద్దు. ధర తగ్గించినా వద్దు. ఎక్కువ తిరిగిన బండి కొనొద్దని మాత్రం అనను. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినా సరే, రోడ్డు మీద తేలిక సరుకు, అంటే చిప్స్ ప్యాకెట్లో, బిస్కట్ పెట్టెలో, పార్సిళ్ళో మోసిన బండి దొరికితే, ఛాసిస్‌కి వెల్డింగు లేకపోతే, కాగితాలు శుభ్రంగా ఉంటే కళ్ళు మూసుకుని బేరమాడు. అందాకా నెల కిరాయికి ఒక బండి తీసుకుని నీ సంతలు తిప్పి చూడు. వారానికి ఎన్ని రోజులు సరుకు దొరుకుతుందో తేలాక మిగతాది సులువు.

మళ్ళీ ఏ బండి చూసినా ముందు దాని కింద ఫోటోలు తీసి పంపు, పైన ఫోటోలు నాకక్కర్లేదు.

ఇట్లు,
మామయ్య