వృశ్చికరాశి

జ్యేష్ఠమాసమున, మబ్బులు లేని రాత్రి తొమ్మిది గంటలవేళ మనము ఆగ్నేయదిశను చూచినచో తేలు ఆకారము స్పష్టముగ గోచరించును. మేషమును, కర్కాటకమును గుర్తించుటకు ఊహ మిక్కిలి కావలెను. ఇచ్చట నా శ్రమ లేదు. తలయందు వరుసగానున్న మూడు తారలు అనూరాధ. నడుమ నెఱ్ఱగా వెలుగునది జ్యేష్ఠ. పూర్ణిమనాటి చంద్రుడు దీని చెంత నుండుటచేతనే యా మాసమున కీ పేరు వచ్చినది. కొక్కెమువలె వంగిన తోక చివర మూల.

గ్రీకులు జ్యేష్ఠను అంటారెస్ అనిరి. కుజునకు ప్రతిస్పర్ధి యని యర్థము. రెండును ఎఱ్ఱనివే గదా! అది మనకు సుమారు 550 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. నేటి రాత్రి మన కంటబడు దాని వెలుగు శ్రీకృష్ణదేవరాయలు సింహాసన మెక్కకమునుపే బయలుదేరినది. సూర్యుని స్థానమున దానిని నిలిపినచో భూమియు, కుజుని కక్ష్యయు దాని గర్భమునందే యిమిడిపోవును. 1819లో చంద్రుడు దానిని మఱుగుపఱచినపుడు, దానికి తోడుగా నొక చిన్న తార కలదని వియన్నా నగరమున కనుగొనిరి.

గ్రీకుల కథలో, సమస్త మృగములను చంపెదనని ఒరాయన్ అను వేటకాడు ప్రగల్భము పలుకగా, భూదేవి తేలును పంపి వానిని కుట్టించెను. యోబు గ్రంథమున మృగశీర్షమని పేర్కొనబడినది ఈ వేటకాని తారలే. నేటికిని తేలు తూర్పున లేచునపుడు వేటకాడు పడమట దిగిపోవుచుండును.

ఇక జ్యోతిషము. పంచాంగము సూర్యునకు వృశ్చికమున ఇంచుమించు ముప్పది దినము లిచ్చును. 1930లో ప్రకటింపబడిన అంతర్జాతీయ ఖగోళ సంఘపు హద్దులనుబట్టి చూడగా, సూర్యుడు ఆకాశమందలి తేలులో నుండునది నవంబరు చివర వారము దినములు మాత్రమే. మూల తేలు తోకలో నున్నను ధనూరాశిలో లెక్కింపబడును. రాశులు కాలగణనకై చేసికొన్న సమభాగములు; ఆ పనికి మిక్కిలి యుపయోగించినవి. అయితే జ్యేష్ఠలో పుట్టిన కన్య బావగారికి, మూలలో పుట్టినది మామగారికి కీడని సంబంధములు చెడగొట్టు వాడుక మన యిండ్లలో నింకను పోలేదు. చంద్రుడు 27 నక్షత్రములను ఇంచుమించు దినమున కొకటి చొప్పున ప్రతినెలయు చుట్టివచ్చును. అట్లయిన, పుట్టు ప్రతి 27 మంది బాలికలలో ఇద్దఱు అత్తవారింటికి కీడు మోసికొని వచ్చిరనవలెనా? దీనికి బదులు చెప్పిన జ్యోతిష్కుని మేమింకను చూడలేదు.

శ్రావణమాసమున రాత్రి ఎనిమిది గంటలకు మూల దక్షిణమున నిలుచును. జంటగానున్న రెండు తారలలో పెద్దది షౌలా. అరబ్బీ భాషలో పైకెత్తిన తోక యని దాని యర్థము.